అంకె సరే, ముఖంలో కళ ఏది?

ఈసారి వ్యాకరణం లేదు, వంట లేదు, పండగ లేదు. ఈసారి దెబ్బలాట. కోపంలో నా తెలుగు ఇంకా తప్పులు పోతుంది, ముందే చెప్తున్నాను. తప్పులు దిద్దండి. కానీ విషయంలో మాత్రం నేను తగ్గను.

పోయిన శనివారం మా గుడి వంటింట్లో వంకాయలు కోస్తున్నాం. నా పక్కన ఒక అబ్బాయి కూర్చున్నాడు. ఇక్కడే పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బంగారం లాంటి పిల్లాడు. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, పాత బేస్‌బాల్ కార్డులు. మాటల్లో అన్నాడు:

"అంకుల్, గ్రేడు ఐదు కంటే తక్కువైతే నేను ఫోటో కూడా ఓపెన్ చెయ్యను. ఫిల్టర్ పెట్టేస్తాను."

"ఫోటో చూడకుండా బొమ్మ ఎలా కొంటావు బాబూ?"

"బొమ్మ అన్నిట్లోనూ ఒకటే కదా అంకుల్. తేడా నంబర్లోనే ఉంది."

ఆ మాట అంటూనే చేతిలో ఉన్న వంకాయని తిప్పి చూశాడు, పుచ్చు ఉందేమో అని. ప్రతి వంకాయనీ అలాగే చూస్తున్నాడు. రెండు డాలర్ల వంకాయని తిప్పి తిప్పి చూసేవాడు, రెండు వేల డాలర్ల కార్డుని చూడకుండా కొంటాడు! ఇంటికొచ్చాక కూడా నా కోపం తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గ్రేడింగ్ అంటే తెలియనివాళ్లకి ముందు రెండు మాటలు. మన దగ్గరున్న పాత కార్డుని ఒక కంపెనీకి పంపిస్తాం. అది అసలుదా నకిలీదా వాళ్లు చూస్తారు. ఎవరైనా అంచులు కత్తిరించారా, రంగు పూశారా చూస్తారు. తర్వాత ముఖ్యంగా నాలుగు చూస్తారు: మూలలు, అంచులు, పైతలం, బొమ్మ నడిమధ్యలో ఉందా లేదా. ఇవన్నీ చూసి 1 నించి 10 దాకా ఒక అంకె వేస్తారు. కార్డుని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేసి, పైన లేబుల్ మీద ఆ అంకె వేసి మనకి పంపిస్తారు. ఆ పెట్టెని స్లాబ్ అంటారు. మన ఊళ్లలో స్లాబ్ అంటే ఇంటి పైకప్పు, ఇది వేరే స్లాబ్!

ఈ పని చేసే కంపెనీల్లో పెద్దది పీఎస్‌ఏ. 1991లో మొదలైంది. ఎస్‌జీసీ, బెకెట్ ఆ తర్వాత వచ్చాయి. 2024లో పీఎస్‌ఏ యజమాని కంపెనీయే ఎస్‌జీసీని కూడా కొనేసింది.

గ్రేడింగ్ అనవసరం అని నేను అనడం లేదు. నకిలీ కార్డులు చాలా ఉన్నాయి. మోసాలు చాలా ఉన్నాయి. "ఇది అసలుదే" అని తెలిసినవాళ్లు చెప్తే మంచిదే. నా గొడవ ఆ మాటతో కాదు, ఆ మాట పక్కన కూర్చున్న అంకెతో. ఆ అంకె వచ్చాక జనం తమ కళ్లు వాడటం మానేశారు.

అసలు ఆ అంకె దేనికి వేస్తారో చూడండి. దెబ్బలకి వేస్తారు. కార్డుకి ఎక్కడ ఎంత దెబ్బ తగిలిందో లెక్క అది. బొమ్మ ఎంత బాగుందో చెప్పే లెక్క కాదు.

ఉదాహరణకి రెండు కార్డులు అనుకోండి. మొదటి దానికి నాలుగు మూలలూ గుండ్రంగా అరిగిపోయాయి. రంగు వెలిసిపోయింది. బొమ్మ ఒక పక్కకి జరిగిపోయింది. ఆటగాడి బుగ్గ మీదుగా ఒక మడత ఉంది. రెండో కార్డు ముందు వైపు తళతళలాడుతోంది. కానీ వెనక ఒక సన్నటి ముడత ఉంది. దీపం కింద పెట్టి వంచి చూస్తేనే కనబడుతుంది. ఈ రెండింటికీ 3 రావచ్చు. అంకె ఒకటే, ముఖాలు మాత్రం వేరు. ఒకటి గోడకి పెట్టుకుని రోజూ చూసుకోవచ్చు. ఇంకోటి డ్రాయర్లో ఉంటుంది.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. బొమ్మ నడిమధ్యలో ఉండటాన్ని సెంటరింగ్ అంటారు. రెండు పక్కలా తెల్ల అంచు సమానంగా ఉంటే 50కి 50. పీఎస్‌ఏ నియమాల్లో 5 గ్రేడు రావడానికి ముందు వైపు 85కి 15 ఉన్నా సరిపోతుంది. అంటే ఒక పక్క అంచు లావుగా, ఇంకో పక్క దారం లాగా ఉన్నా చాలు. మూలలు కాస్త పదునుగా ఉంటే ఆ వంకర కార్డుకి 5 వస్తుంది. పటం వంకరగా వేలాడుతుంటే మనం లేచి వెళ్లి సరిచేస్తాం. అదే వంకర స్లాబ్‌లో ఉంటే డబ్బు ఎక్కువ ఇచ్చి కొంటాం.

పాత కార్డుల్లో ఈ వంకర ఎందుకు ఉంటుందంటే, అప్పట్లో చాలా కార్డుల్ని ఒకే పెద్ద షీటు మీద ముద్రించి, తర్వాత కోసేవారు. కోత కొంచెం జరిగితే బొమ్మ కూడా జరుగుతుంది. 1950ల్లో అవి బబుల్‌గమ్‌తో పాటు వచ్చేవి. పిల్లలు రబ్బరు బ్యాండు చుట్టి జేబులో పెట్టుకునేవారు, సైకిల్ చక్రానికి తగిలించి టకటకమని చప్పుడు చేయించేవారు, పుస్తకంలో జిగురుతో అంటించేవారు. వాళ్లకి అది ఆట వస్తువు. అలాంటి దాని వెనక వైపు జిగురు మచ్చ ఉంటే, అది ఎవరో ఒక పిల్లాడు దాన్ని ఇష్టపడి దాచుకున్న గుర్తు. గ్రేడింగ్ లెక్కలో అది పెద్ద తప్పు.

కార్డులు సేకరించేవాళ్లు చూపుకి బాగుండటాన్ని "ఐ అప్పీల్" అంటారు. దీనికి తెలుగు మాట కోసం చాలా రోజులు వెతికాను. "నేత్రానందం" అంటే మరీ హరికథలా ఉంది. "కంటికి ఇంపు" బాగానే ఉంది కానీ కొంచెం చప్పగా ఉంది. చివరికి మా అమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది. "కళ."

కళ అంటే ఆర్ట్ అని మన పాఠాల్లో నేర్చుకున్నాం. కానీ ఇళ్లలో వాడేది ఇంకో అర్థం. పెళ్లి కుదిరిన అమ్మాయిని చూసి "ముఖంలో పెళ్లికళ వచ్చేసింది" అంటారు. జ్వరం పడి లేచినవాణ్ణి చూసి "ముఖం కళ తప్పింది" అంటారు. పండగ రోజు ఇల్లు "కళకళలాడుతోంది" అంటారు. ఎంత చక్కటి మాట! కళకి ముక్కు, చెవి, పన్ను విడివిడిగా లెక్క ఉండదు. నిండుగా చూస్తేనే కనబడుతుంది. పన్ను కొంచెం వంకరున్న మనిషికి కూడా కళ ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లకి లేకపోవచ్చు.

గ్రేడు దెబ్బల్ని లెక్కపెడుతుంది. కళని చూడాల్సింది మనం. నేను చెప్పదలచుకున్నది అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను కూడా ఒకసారి చూడటం మానేశాను. దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

1985లో ఉద్యోగానికి ఈ ఊరు వచ్చినప్పుడు నాకు బేస్‌బాల్ అంటే ఏమీ తెలీదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవారు. మధ్యాహ్నం నా పెరుగన్నం డబ్బా పక్కన ఆయన శాండ్‌విచ్ పెట్టుకుని నాకు ఆట నేర్పేవారు. అన్నిటికంటే ఎక్కువగా రాబర్టో క్లెమెంటే గురించి చెప్పేవారు. చిన్నప్పుడు ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఆయన ఆట చూశారట. క్లెమెంటే ప్యూర్టో రికో నించి వచ్చినవాడు. 1955 నించి 1972 దాకా మా పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫునే ఆడాడు. సరిగ్గా 3,000 హిట్లు కొట్టాడు. 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తుంటే విమానం సముద్రంలో పడిపోయి చనిపోయాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పెద్దాయన కాసేపు మాట్లాడేవారు కాదు.

ఆయన రిటైర్ అయిన రోజు నాకు ఒక కవరు ఇచ్చారు. అందులో 1955 టాప్స్ కంపెనీ క్లెమెంటే కార్డు, నంబరు 164. క్లెమెంటే మొదటి కార్డు అదే. అడ్డంగా ఉంటుంది. పెద్దగా ముఖం, పక్కన ఆడుతున్న భంగిమలో చిన్న బొమ్మ. ఆయన చిన్నప్పుడు దాన్ని ఒక పుస్తకంలో అంటించుకున్నారు. తర్వాత ఊడదీశారు. వెనక వైపు జిగురు, రెండు చోట్ల కాగితం ఊడిపోయింది. కానీ ముందు వైపు! అంచులు నాలుగు పక్కలా సమానం. రంగులు నిన్న అచ్చేసినట్టు ఉన్నాయి. ఇరవై ఏళ్ల కుర్రాడి ముఖం, కొత్త ఊరికి వచ్చిన ముఖం. నేను కూడా అప్పుడు కొత్త ఊరికి వచ్చినవాణ్ణే. ముప్ఫై ఏళ్లు నా బల్ల మీద ఉంది.

2021లో కార్డుల పిచ్చి ముదిరింది. గ్రేడింగ్ కోసం జనం ఎన్ని కార్డులు పంపించారంటే, ఆ మార్చి చివర్లో పీఎస్‌ఏ చాలా రకాల సర్వీసులు కొంతకాలం ఆపేసింది. నాకూ ఆ జ్వరం తగిలింది. నా క్లెమెంటేని ఒక కంపెనీకి పంపించాను. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. కొన్ని నెలల తర్వాత స్లాబ్‌లో తిరిగొచ్చింది. అంకె ఒకటిన్నర.

వాళ్లు తప్పు చెయ్యలేదు. వాళ్ల నియమాల ప్రకారం వెనక కాగితం ఊడితే అంతే వస్తుంది. తప్పు నాది. ఆ రోజు దాకా నాకు ఆ కార్డులో క్లెమెంటే కనబడేవాడు. ఆ రోజు నించి ఒకటిన్నర కనబడటం మొదలైంది. నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్స్‌లో. పక్కనే ఐఐటీ. అక్కడ ప్రతి ఇంట్లోనూ ర్యాంకు గురించే మాట. పదికి ఒకటిన్నర తెచ్చుకున్న పిల్లాణ్ణి చుట్టాలకి ఎలా చూపిస్తాం? సిగ్గేసింది. నిజంగా చెప్తున్నాను, ఒక కాగితం ముక్కని చూసి సిగ్గుపడ్డాను.

అమ్మేశాను. దానికి వచ్చిన డబ్బుకి ఇంకా చాలా కలిపి, 5 ఉన్న క్లెమెంటే కొన్నాను. ఆన్‌లైన్‌లో లేబుల్ చూశాను, ధర చూశాను, బటన్ నొక్కాను. అది వచ్చాక చూస్తే బొమ్మ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడక ముఖం మసగ్గా ఉంది. కళ్ల దగ్గర నీడ లాగా ఉంది. మూలలు మాత్రం పదును.

ఆ 5ని బల్ల మీద పెట్టాను. నెల తర్వాత అల్మరాలో పెట్టాను. ఇప్పుడు బ్యాంకు లాకర్లో ఉంది. చూడాలనిపించదు. పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన చేతితో ఇచ్చిన బహుమతిని, ఒక అంకెకి సిగ్గుపడి, ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇచ్చేశాను. దీనికి ఏ కంపెనీనీ తిట్టలేను.

వంటింట్లో ఇదంతా చెప్పాను. ఆ అబ్బాయి శ్రద్ధగా విన్నాడు. తర్వాత మంచి ప్రశ్నే వేశాడు. "పైకి బాగుంటే చాలా అంకుల్? మేడిపండు అంటారు కదా మా అమ్మమ్మ. అంచులు కత్తిరించిన కార్డు ఇంకా అందంగా కనబడుతుంది. మీ కళ్లు మోసపోతాయి. గ్రేడింగ్ మోసపోదు."

మేడిపండు మాట బాగా వాడాడు, మార్కులు వెయ్యాలి. కానీ గ్రేడింగ్ మోసపోదు అన్నది నిజం కాదు. దీనికి మన ఊరి ఆటగాడి కార్డే సాక్ష్యం.

హోనస్ వాగ్నర్ కూడా పైరేట్స్ ఆటగాడే, క్లెమెంటే కంటే చాలా ముందువాడు. 1909 నించి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో కార్డులు పెట్టింది. ఆ సెట్టుని టీ206 అంటారు. వాగ్నర్ కార్డుని తొందరగా ఆపేశారు. అందుకే చాలా కొద్దిగా మిగిలాయి. వాటిలో ఒకదాన్ని 1991లో సాదబీస్ వేలంపాటలో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకి కొన్నారు. పీఎస్‌ఏ గ్రేడు చేసిన మొట్టమొదటి కార్డు అదే. దానికి వేసిన అంకె 8. ఎనభై ఏళ్ల సిగరెట్ కార్డుకి ఎనిమిది! 2007లో అది 28 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

2013లో బిల్ మాస్ట్రో అనే పేరున్న డీలరు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఆ కార్డు అంచుల్ని తనే కత్తిరించానని కూడా ఒప్పుకున్నాడు. అంచులు కత్తిరించిన కార్డుకి అంకె వెయ్యకూడదని గ్రేడింగ్ నియమం. మరి ఈ మేడిపండుకి 8 వేసింది ఎవరు? నా కళ్లు కాదు కదా.

ఒక్క తప్పు పట్టుకుని అందరినీ దొంగలు అనను. ఆ తర్వాత వాళ్లు చాలా నేర్చుకున్నారు, చాలా మోసాలు పట్టుకున్నారు. నేను అనేది ఇంతే. గ్రేడు వేసేవాళ్లు కూడా మనుషులే. వాళ్లది కూడా ఒక అభిప్రాయమే. దీనికి ఇంకో రుజువు ఉంది, సేకరించేవాళ్లందరికీ తెలిసిందే. అంకె నచ్చకపోతే స్లాబ్ పగలగొట్టి మళ్లీ పంపిస్తారు. అదే కార్డు ఒక్కోసారి ఇంకో అంకెతో తిరిగొస్తుంది. కార్డు మారలేదు, చూసిన మనిషి మారాడు. అంకె నిజంగా కార్డులోనే ఉంటే ఇలా జరగదు కదా.

మరి ఆ అభిప్రాయానికి మనం ఎంత ఇస్తున్నాం? 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు, నంబరు 311. పీఎస్‌ఏ 9 ఉన్న ఒకటి 2021 జనవరిలో 52 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. ఎస్‌జీసీ 9.5 ఉన్న ఇంకోటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకి పోయింది. సంవత్సరాలు వేరు, కంపెనీలు వేరు, రెండో దానికి పేరున్న చరిత్ర కూడా ఉంది. అదంతా ఒప్పుకుంటాను. అయినా ఆ పై మెట్ల దగ్గర సగం మార్కు తేడా అంటే భూతద్దంలో కనబడే తేడా. భూతద్దంలో ఎవరూ బొమ్మ చూడరు.

కింది మెట్ల దగ్గర తమాషా చూడండి. వాగ్నర్ కార్డే తీసుకుందాం. 3 గ్రేడు ఉన్నది 2021లో 66 లక్షల డాలర్లకి పోయింది. 2 గ్రేడు ఉన్నది మరుసటి ఏడాది 72.5 లక్షలకి పోయింది. ఏడాదిలో మార్కెట్ మారి ఉండొచ్చు. కానీ అంకె ఒక్కటే ధర చెప్పదని మాత్రం తెలుస్తోంది. అంత డబ్బు పెట్టేవాళ్లు కార్డు చూసి కొంటారు. చూడకుండా కొనేది మన లాంటి చిన్నవాళ్లమే.

ఇంకో సంగతి చెప్తాను. ఇది ముఖ్యంగా మన పాఠకుల కోసం, ఎందుకంటే మన పేర్లు కూడా ఈ దేశంలో నలిగాయి. 1955లో, 1956లో టాప్స్ కార్డు మీద "రాబర్టో క్లెమెంటే" అని ఉంది. 1957 నించి 1969 దాకా "బాబ్ క్లెమెంటే" అని వేశారు. ఆయనకి ఆ పేరు నచ్చేది కాదు. ఆయన పేరు రాబర్టో. పదమూడేళ్లు కార్డు మీద వేరే పేరు! ఇప్పుడు చెప్పండి, ఆ బాబ్ కార్డు మూలలు పదునుగా, అంచులు సమానంగా ఉంటే దానికి 10 కూడా రావచ్చు. నిఖార్సయిన పది. మనిషి పేరే తప్పు, అయినా పదికి పది. నా ఒకటిన్నర కార్డు మీద మాత్రం ఆయన పేరు సరిగ్గా ఉంది. అట్టముక్కని కొలిచేవాళ్లు అట్టముక్కనే కొలుస్తారు. మిగతాది మనమే చూడాలి.

మా అబ్బాయి (అబ్బాయి అంటే గుడి అబ్బాయి, నా కొడుకు కాదు) ఇంకా వదల్లేదు. చివరికి అసలైన ప్రశ్న వేశాడు. "అంకుల్, ఏమీ అనుకోవద్దు. రేపు మీరు లేకపోతే ఆంటీ ఆ కార్డుల్ని ఎలా అమ్ముతారు? కళ ఉంది అని చెప్తారా? ఎవరైనా మోసం చేస్తారు. అంకె ఉంటే ఆంటీకి ధర తెలుస్తుంది."

దీనికి వెంటనే జవాబు రాలేదు. రెండు వంకాయలు కోశాక చెప్పాను. నిజమే బాబూ. అమ్మేటప్పుడు, బీమా చేసేటప్పుడు, పంపకాలప్పుడు అంకె పనికొస్తుంది. అందుకే నా మంచి కార్డుల్ని స్లాబ్‌లోంచి తియ్యమని చెప్పను. కానీ ఒకటి గమనించు. అంకె లేకుండా "అసలుది" అని మాత్రమే రాసిన లేబుల్ కూడా ఉంది. అది చూస్తే జనం ఏమంటారు? "ఏదో లోపం ఉండి ఉంటుంది" అంటారు. అసలుది అంటే చాలదు, ఎంత అసలుదో అంకె కావాలి! అమ్మే రోజుకి కావలసిన కాగితాన్ని, ముప్ఫై ఏళ్లు రోజూ చూసుకునే బొమ్మ కంటే పైన పెట్టేశాం. బియ్యం బస్తా మీద బరువు రాసి ఉంటే మంచిదే. అన్నం రుచి ఆ అంకెలో ఉండదు.

ఇంకో మాట కూడా అనాలి. పెద్ద కంపెనీల్లో ఫీజు కార్డు విలువని బట్టి ఉంటుంది. విలువ ఎక్కువైతే ఫీజు ఎక్కువ. అంకె పెరిగితే విలువ పెరుగుతుంది. దానివల్ల ఎవరో అన్యాయం చేస్తున్నారని నేను అనను. కానీ పరీక్ష పెట్టేవాళ్ల ఆదాయం మార్కులతో పాటు పెరుగుతుంటే, ఆ మార్కుల్ని దేవుడి మాటలా వినక్కర్లేదు అంటాను.

మరి ఏం చెయ్యాలి? తిట్టి ఊరుకుంటే సరిపోదు. నేను ఇప్పుడు చేసేది చెప్తాను.

మొదట లేబుల్ మీద బొటనవేలు పెట్టి అంకె మూసేస్తాను. ఫోన్లో అయినా అంతే. రెండోది, కార్డుని చెయ్యి చాచి దూరంగా పెట్టి చూస్తాను. బల్ల మీద ఉంటే అలాగే కదా కనబడుతుంది. బొమ్మ నిటారుగా ఉందా? అంచులు చూపుకి అడ్డం వస్తున్నాయా? మూడోది, ముఖం చూస్తాను. కళ్లు, పెదవులు స్పష్టంగా ఉన్నాయా? రంగు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడిందా? మడత ఉంటే ముఖం మీద ఉందా, మూలలో ఉందా? ముఖం మీద మడత నాకు వద్దు, మూలలో ఉంటే పర్వాలేదు. నాలుగోది, వెనక తిప్పి చూస్తాను. జిగురు, పెన్సిల్ గీత, ఊడిన కాగితం ఉంటే అవి ధర తగ్గిస్తాయి. నాకు మంచిదే. ఐదోది, నేను ఎంత ఇవ్వగలనో మనసులో అనుకుంటాను. అప్పుడు వేలు తీసి అంకె చూస్తాను. అసలుదే అని ఉందా, కత్తిరించారని ఉందా, అది ముఖ్యంగా చూస్తాను. ఈ వరస తిరగెయ్యకండి. అంకె ముందు చూస్తే మీ కళ్లు ఆ అంకెకి తగ్గట్టే చూస్తాయి. నాకు జరిగింది అదే.

ఈ శనివారం దీన్ని పరీక్ష కూడా పెట్టాం. ఐదు 1955 క్లెమెంటే కార్డుల ఫోటోలు ప్రింటు తీసి, లేబుళ్లు మడిచేశాను. పులిహోర కలుపుతున్న ముగ్గురు ఆడవాళ్లని అడిగాం, "వదినగారూ, వీటిలో ఏది బాగుంది?" అని. ముగ్గురికీ బేస్‌బాల్ తెలీదు. ముగ్గురూ ఒకే దాని మీద వేలు పెట్టారు. ఒకావిడ "ఈ అబ్బాయి ముఖం కళగా ఉంది" అన్నారు. నేను ఆ మాట నేర్పలేదు, ఒట్టు! లేబుల్ విప్పి చూస్తే 2. న్యాయంగా చెప్పాలంటే, వాళ్లకి రెండోది నచ్చింది 6. కాబట్టి నేను పూర్తిగా గెలవలేదు. 5 ఉన్నది మాత్రం ఎవరికీ నచ్చలేదు. అచ్చం నా లాకర్లో ఉన్నదాని లాగే ఉంది.

మా అబ్బాయి "శాంపుల్ సైజు చాలదు అంకుల్" అన్నాడు. కానీ ఆ 2 ఫోటోని మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

నా 5ని అమ్మకానికి పెడుతున్నాను. దాని డబ్బుతో జిగురు మచ్చలున్న ఒక క్లెమెంటే కోసం వెతుకుతాను. నా పాత ఒకటిన్నర ఎవరి దగ్గర ఉందో వాళ్లు దాన్ని బల్ల మీద పెట్టుకుని ఉంటే చాలు.

మీకు ఈసారి పని: మీ ఇంట్లో "కళ" అనే మాటని ఎలా వాడతారో ఒక వాక్యం రాసి పంపించండి. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రాస్తే ఇంకా మంచిది. తప్పులున్నా పర్వాలేదు. నేను మార్కులు వెయ్యను.